గ్రహణం పట్టేసరికి మొహం పనైపోయింది

గ్రహణం అంటే మా నెల్లూరు వైపు కడుపుతో ఉన్న ఆడపిల్లకి ఇప్పటికీ ఒక పూట జైలే. తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, మంచం మీద వెల్లకిలా పడుకోబెడతారు. కాలు ముడవకూడదు, గోరు గిల్లకూడదు, కత్తిపీట జోలికి పోకూడదు, గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదు. నీళ్ళు తాగదు కాబట్టి బాత్రూంకి లేవాల్సిన పని కూడా ఉండదని ఒక పెద్దావిడ నాకు లాజిక్ చెప్పింది. ఎండాకాలంలో పట్టిన గ్రహణానికి కూడా ఇదే లాజిక్. అన్ని గుళ్ళూ మూసేసే రోజున మనకి పక్కనే ఉన్న శ్రీకాళహస్తిలో గుడి తెరిచే ఉంటుంది, రాహుకేతు పూజలకి జనం కిటకిటలాడుతుంటారు, అది వేరే సంగతి.

ఇంత చేశాక కూడా బిడ్డ పెదవి చీలి పుడితే తప్పు తల్లిదే అవుతుంది. ఎక్కడో కదిలి ఉంటుంది, ఏదో తరిగి ఉంటుంది, కిటికీలోంచి తొంగి చూసి ఉంటుంది. నేను ఇక్కడ వాదించబోయేది ఈ ఒక్క మాట మీదే. బిడ్డ మొహం తయారయ్యే రోజుల్లో ఆ తల్లికి తాను తల్లి కాబోతున్నానని కూడా సరిగా తెలియదు. శుభవార్త పది మందికీ చెప్పేసరికి పెదవి పని ముగిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత కత్తిపీట ముందు కూర్చుంటే ఏంది, కూర్చోకపోతే ఏంది?

నేను కావలిలో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను, పిండం గురించిన పాఠం ప్రతి ఏడూ చెప్పేదే. కానీ ఈ గొడవ పాఠంలోంచి రాలేదు, ఇంట్లోంచి వచ్చింది. మా చిన్నాన్న కూతుర్ని కందుకూరు దగ్గర ఇచ్చారు. 2023 జనవరి ఆఖర్లో దానికి పాప పుట్టింది, పై పెదవికి ఎడమవైపు చీలిక, లోపల అంగిలి కూడా చీలింది. మాకు ఇది కొత్త వార్తేం కాదు, సెప్టెంబరులో బిడ్డ అవయవాలు చూడటానికి తీసిన టిఫా స్కాన్‌లోనే కనపడింది, డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది కూడా. అయినా పాప పుట్టిన రోజే చెల్లెలి అత్తగారు తీర్పు ఇచ్చేసింది. దీపావళి మర్నాడు గ్రహణం పట్టింది గదా, ఆ సాయంత్రం ఈ పిల్ల చిక్కుడుకాయలు తుంచిందంట. అందుకే.

దీపావళి మర్నాడు అంటే 2022 అక్టోబరు 25, పాక్షిక సూర్యగ్రహణం, పొద్దు కూకే వేళకి పట్టింది. "అత్తమ్మా, స్కాన్‌లో సెప్టెంబరులోనే కనపడింది గదా, అక్టోబరులో పట్టిన గ్రహణం సెప్టెంబరులో ఎట్ట చీలుస్తుంది?" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది గానీ తగ్గలేదు. మనవడి చేత ఫోన్‌లో వెతికించి, "మే నెలలో ఇంకోటి పట్టింది నాయనా, పదహారో తేదీ, చంద్రగ్రహణం. అదే అయ్యుంటది" అంది. నిజమే, ఆ రోజు సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది, కానీ మన దేశంలో కనపడలేదు, ఆ టైముకి మనకి పొద్దెక్కి చంద్రుడు అస్తమించాడు. కనపడని గ్రహణానికి పట్టూ విడుపూ పాటించక్కర్లేదని పంచాంగం చెప్పేవాళ్ళే అంటారు. అదేం ఆమెకి అడ్డం కాలేదు.

అసలు ఆమె వెతికితే దొరక్కుండా ఉండే అవకాశమే లేదు. చంద్రుడి కక్ష్య భూమి కక్ష్యకి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లనే మనవాళ్ళు రాహువు, కేతువు అన్నారు. సూర్యుడు ఆ చోట్లలో ఒకదాని దగ్గరకి సుమారు 173 రోజులకొకసారి వస్తాడు, వచ్చిన ప్రతిసారీ భూమ్మీద ఎక్కడో ఒకచోట కనీసం ఒక సూర్యగ్రహణం పట్టి తీరుతుంది. బిడ్డ కడుపులో ఉండేది సుమారు 266 రోజులు. అంటే గ్రహణం తగలని కడుపు ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. మిమ్మల్ని మోసిన తొమ్మిది నెలల్లో పట్టింది, నన్ను మోసినప్పుడూ పట్టింది. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పులకి ఒక బిడ్డ పెదవో అంగిలో చీలి పుడుతుంది. మిగిలిన 699 మంది కూడా గ్రహణం కిందే పెరిగారు గదా, వాళ్ళ గురించి ఎవరూ పంచాంగం తిరగెయ్యరు.

ఈ నమ్మకం మనదొక్కటే కూడా కాదు. మెక్సికోలో కూడా గ్రహణం వల్ల బిడ్డ పెదవి చీలుతుందని తరతరాలుగా నమ్ముతారు. అక్కడ కడుపుతో ఉన్న మనిషి పిన్నీసో, తాళంచెవో, ఏదో ఒక లోహపు ముక్క ఒంటి మీద పెట్టుకోవాలి. ఇనుము బిడ్డని కాపాడుతుందని అక్కడ, ఇనుము ముట్టుకుంటే బిడ్డకి కీడని ఇక్కడ. ఇద్దరూ ఒకే చంద్రుడి గురించి మాట్లాడుతున్నారు.

సరే, మొహం ఎప్పుడు తయారవుతుంది? నేను వారాలు గర్భం నిలిచిన రోజు నుంచి లెక్కపెడతాను. డాక్టర్లు ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తారు కాబట్టి వాళ్ళ లెక్క కావాలంటే రెండు వారాలు కలుపుకోండి. మూడో వారం చివరికి పిండం సుమారు రెండు మిల్లీమీటర్ల పలక, అంతే. దాని వీపు వైపు అంచులు పైకి లేచి కలిసి గొట్టం అవుతాయి, మెదడూ వెన్నుపామూ ఈ గొట్టంలోంచే వస్తాయి. ఆ అంచుల దగ్గర నుంచి కొన్ని కణాలు విడివడి, ఉన్నచోటు వదిలి పాకడం మొదలుపెడతాయి. న్యూరల్ క్రెస్ట్ కణాలు అంటారు వీటిని. తల భాగంలో ఇవి చర్మం కింద నుంచి ముందుకీ కిందకీ పాకి వచ్చి మొహం ఎముకలు దాదాపు అన్నీ తామే అవుతాయి. ముక్కు, చెంప, పై దవడ, కింది దవడ ఎముకలూ, పళ్ళ లోపలి డెంటిన్ కూడా వీటి పనే. చేతులకీ కాళ్ళకీ వెన్నెముకకీ ముడిసరుకు వేరు, అది పిండానికి ఉండే మూడు పొరల్లో మధ్య పొర నుంచి వస్తుంది. మీ మోచేతి ఎముక, మీ దవడ ఎముక చూడటానికి ఒకటే గానీ రెండిటి పుట్టిళ్ళు వేరు. పుర్రె పైకప్పులో కూడా ఈ సరిహద్దు నడుస్తుంది. ఎలుకల్లో ఈ కణాలకి గుర్తు పెట్టి చూస్తే నుదురు ఎముక క్రెస్ట్ కణాలదని, దాని వెనక నడినెత్తికి రెండు పక్కలా ఉండే ఎముకలు మధ్య పొరవని తేలింది.

ఈ సంగతిని మొదట బలంగా చెప్పినామె కథ నా క్లాసులో సిలబస్‌లో లేకపోయినా చెబుతాను. జూలియా ప్లాట్ అని అమెరికా ఆమె, 1893లో మడ్‌పప్పీ అనే నీటి సాలమాండర్ పిండాలు చూసి, తలలో మృదులాస్థి (ఎముక కన్నా మెత్తగా ఉండే కార్టిలేజ్) పిండం పై పొర నుంచి వచ్చిన కణాలతో తయారవుతోందని రాసింది. ఆ రోజుల్లో ఇది అపచారం. పై పొర అంటే చర్మం, నరాలు, మధ్య పొర అంటే ఎముక, కండ, ఇదే వేదం అప్పటి పెద్దలకి. ఆమె మీద విరుచుకుపడ్డారు. 1898లో జర్మనీలో ఫ్రైబర్గ్‌లో డాక్టరేట్ తీసుకున్నా ఆమెకి ప్రొఫెసర్ ఉద్యోగం దొరకలేదు. కాలిఫోర్నియాలో పసిఫిక్ గ్రోవ్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళి స్థిరపడి, 1931లో, 74 ఏళ్ళ వయసులో, ఆ ఊరికి మేయర్ అయింది. ఊరి ఒడ్డున సముద్ర జీవాల్ని కాపాడే ఏర్పాటు కూడా చేయించింది. ఆమె చెప్పింది నిజమని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

సందేహం లేకుండా చూపించినవాళ్ళలో ఫ్రాన్స్‌కి చెందిన నికోల్ లె డువారిన్ ముఖ్యురాలు. కౌజుపిట్ట కణం కేంద్రకం మైక్రోస్కోప్ కింద కోడి కణం కన్నా తేడాగా కనపడుతుంది. 1960ల చివర్లో ఆమె ఈ చిన్న తేడాని పట్టుకుంది. కౌజు పిండం నుంచి గొట్టం అంచు ముక్క తీసి, గుడ్డులో పెరుగుతున్న కోడి పిండంలో అతికించి, తర్వాత ఏ కణం ఎక్కడ తేలిందో ఒక్కోటీ చూసుకుంటూ పోవచ్చు. 2003లో ఇంకో ఇద్దరు, ష్నైడర్, హెల్మ్స్, ఇదే పని కౌజుకీ బాతుకీ మధ్య చేశారు. బాతు పిండంలో కౌజు క్రెస్ట్ కణాలు పెడితే కౌజు మాదిరి పొట్టి ముక్కు వచ్చింది, కౌజు పిండంలో బాతువి పెడితే పొడుగాటి బాతు ముక్కు వచ్చింది. చుట్టూ ఉన్న ఒళ్ళు ఎవరిదైనా, ముక్కు ఎట్ట ఉండాలన్నది ఆ పాకి వచ్చిన కణాలు తమతో తెచ్చుకున్నదే. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల ముక్కు కింద వేలాడే ఆ సంచి చూసినప్పుడల్లా నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది, పక్కనున్నవాళ్ళు ఫొటోలు తీసుకుంటుంటే నేను క్లాసు పీకుతుంటాను.

నెల్లూరోళ్ళకి చేప తలకాయ గురించి నేను చెప్పేదేముంది, పులుసులో తలకాయ ఎవరి పళ్ళెంలో పడాలన్నది ఇంట్లో ప్రతిసారీ ఒక పంచాయితీ. ఈసారి మీ పళ్ళెంలో పడితే మొప్ప మూత ఎత్తి చూడండి. మొప్పల్ని మోసే వంపు ఎముకలు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. నాలుగో వారంలో మనిషి పిండానికి మెడ రావాల్సిన చోట ఇట్టాంటి వరసే చిన్న చిన్న ఉబ్బులుగా కనపడుతుంది. మనిషికి మొప్పలు పిండంలో కూడా రావు, వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ వరస అదే, పాకి వచ్చే కణాలు వాటిలోకి దిగే తీరూ అదే. మొదటి ఉబ్బు చేపలోనూ దవడ అవుతుంది, మనలోనూ దవడ అవుతుంది. రెండోదాన్నుంచి మనకి గొంతు దగ్గర ఉండే హయాయిడ్ ఎముకలో కొంత భాగం, చెవిలో రికాబు ఆకారంలో ఉండే బుల్లి ఎముక వస్తాయి.

కింది దవడ ఎముక కథ నాకు మరీ ఇష్టం. తొడ ఎముక ఉంది చూడండి, దానికి ముందు మృదులాస్థితో అచ్చు పోసి, తర్వాత ఆ అచ్చు స్థానంలో ఎముక నింపుకుంటూ వస్తుంది ఒళ్ళు. పుర్రె అడుగు భాగం కూడా అదే దారి. మొహం, పుర్రె పైకప్పు అట్ట కాదు, మెత్తటి పొరలోనే కణాలు గుమిగూడి నేరుగా ఎముక తయారుచేస్తాయి. దవడలో ఒక తమాషా ఉంది. ముందు రెండు పక్కలా మెకెల్ మృదులాస్థి అనే కడ్డీలు వస్తాయి. చూసినవాళ్ళు ఇదే రేపు దవడ ఎముక అవుతుందనుకుంటారు. అవ్వదు. ఆరో వారంలో ఎముక ఆ కడ్డీ పక్కన, పొరలో, విడిగా మొదలవుతుంది (ఒళ్ళు మొత్తం మీద ఎముకగా మారడం కాలర్ బోన్‌తో మొదలైతే రెండోది ఈ దవడే), కడ్డీ ఏమో చాలావరకు కరిగిపోతుంది. దాని వెనక కొస మాత్రం పోదు. అక్కడి నుంచే చెవిలో సుత్తి, దాగలి అని పిలిచే రెండు బుల్లి ఎముకలు వస్తాయి. కార్ల్ రైకెర్ట్ 1837లో పంది పిండాలు చూసి చెప్పిన మాట ఇది, సరీసృపాలకి దవడ కీలుగా ఉన్న ఎముకలే మనకి వినే ఎముకలయ్యాయని. గోడ మీద బల్లికి ఇప్పటికీ అవి కీలే. కంగారూ లాంటి సంచి జంతువుల పిల్లలు పుట్టిన కొత్తల్లో ఈ ఎముకలు ఇంకా దవడని అంటిపెట్టుకునే ఉంటాయి, పెరిగేకొద్దీ విడిపోతాయి.

ఇప్పుడు పెదవి దగ్గరికి వస్తాను. నోరు రావాల్సిన గుంట చుట్టూ అయిదు ఉబ్బులుంటాయి. పైన నుదురు వైపు నుంచి ఒకటి, పక్కల నుంచి పై దవడవి రెండు, కింది దవడవి రెండు. కింది రెండూ ముందే కలిసిపోతాయి, అందుకే కింది పెదవి చీలిక చాలా అరుదు. పై పెదవి పని కష్టం. ముక్కు వైపు నుంచి దిగే మధ్య భాగాన్ని రెండు పక్కల నుంచి వచ్చే ఉబ్బులు వచ్చి అందుకోవాలి. ఆరు, ఏడు వారాల్లో అందుకుంటాయి. ముక్కు కింద గాడికి అటూ ఇటూ సన్నటి గట్లుంటాయి గదా, కలిసింది ఇంచుమించు అక్కడే. ఏదో ఒక పక్క అందుకోలేకపోతే అది మొర్రి. ఎవరో కోసింది కాదు, కలవాల్సింది కలవకుండా ఆగిపోయింది. కత్తిపీట కథ మొత్తం ఇక్కడే కూలిపోతుంది, ఎందుకంటే కొయ్యాలంటే ముందు అక్కడ ఒక పెదవి ఉండాలి గదా.

మా చెల్లెలి లెక్కలో ఈ ఏడో వారం అంటే జూన్ ఆఖరు. చిక్కుడుకాయలు అక్టోబరులో. మే పదహారుకైతే మొహం మాట అటుంచండి, మొహం కావాల్సిన ఆ పాకే కణాలు కూడా ఇంకా పుట్టలేదు.

అంగిలి ఇంకాస్త ఆలస్యం. నోట్లో రెండు పక్కల నుంచి రెండు పలకలు వస్తాయి గానీ మొదట్లో అవి అడ్డంగా ఉండవు, నాలుకకి అటొకటి ఇటొకటి కిందికి వేలాడుతుంటాయి. పాత ఇళ్ళ జంట తలుపుల మధ్య, గడప మీద మనిషి నిలబడి ఉంటే తలుపు ఎట్ట పడదో, నాలుక మధ్యలో ఉన్నంతసేపూ ఇవీ అట్టే కలవలేవు. కింది దవడ ముందుకి పెరగాలి, నాలుక కిందికి జారాలి, అప్పుడు పలకలు పైకి లేచి అడ్డం తిరిగి మధ్యలో అతుక్కుంటాయి. ఎనిమిదో వారం నుంచి పన్నెండో వారం లోపల ఈ పని అయిపోవాలి. ఆడపిండాల్లో ఇది సుమారు వారం ఆలస్యం. పెదవి బాగుండి అంగిలి ఒక్కటే చీలడం ఆడపిల్లల్లో ఎక్కువ కనపడటానికి ఇదొక కారణమంటారు. పెదవి చీలికలు మాత్రం మగపిల్లల్లో ఎక్కువ, అందులోనూ ఎడమవైపు ఎక్కువ.

కొంతమంది బిడ్డల్లో కింది దవడ చిన్నదిగా ఉండిపోతుంది. దవడ పెరగదు కాబట్టి నాలుకకి దిగే చోటుండదు, నాలుక దిగదు కాబట్టి అంగిలి కలవదు. దీన్ని 1923లో పియర్ రాబిన్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. గొలుసు మొత్తంలో అంగిలి చేసిన తప్పు ఏమీ లేదు, మొదటి మెలిక దవడలో ఉంది.

పశువుల్లో కూడా ఇదే జరుగుతుంది, ఒంగోలు గిత్తల సీమ వాళ్ళకి ఇది ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నాను. పశ్చిమ అమెరికాలో ఆవులు వంకర కాళ్ళతో, చీలిన అంగిళ్ళతో దూడల్ని ఈనేవి. అక్కడివాళ్ళు ఆకాశం వైపు చూడలేదు, ఆవులు ఏం మేశాయో, చూలు కట్టిన ఎన్నో రోజున మేశాయో చూశారు. లూపిన్ అనే మొక్క. చూలు కట్టిన నలభయ్యో రోజు నుంచి యాభయ్యో రోజు దాకా మేస్తే అందులోని విషానికి కడుపులో దూడ కదలడం తగ్గుతుంది, నాలుకా కదలదు, అంగిలి కలవదు. మిగతా రోజుల్లో మేస్తే అంగిలికి ఏమీ కాదు. ఈ లెక్క తెలిశాక రైతులు చూలు ఆవుల్ని ఆ రోజుల్లో ఆ బీడులోకి తోలకుండా చూసుకున్నారు.

ఎముకల జబ్బుకి కారణం నేల మీద వెతికిన చరిత్ర మనకీ ఉంది, అదీ మన జిల్లాలోనే. కనిగిరి, పొదిలి వైపు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూడని కుటుంబం ఉండదు. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది, అంతకు ముందు అవన్నీ నెల్లూరు జిల్లాలోవే. ఆ పాత నెల్లూరు జిల్లాలోనే షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు 1937లో ఈ ఎముకల జబ్బుకి నీళ్ళలో ఫ్లోరైడ్ కారణమని రాశారు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ని గుర్తించి రాసిన తొలి నివేదికల్లో అదొకటి. ఇవ్వాళ కనిగిరిలో ఎవరి పళ్ళ మీదైనా గోధుమ చారలు కనపడితే ఏ అత్తా ఏ కోడల్నీ నిలదియ్యదు, బోరు నీళ్ళనే తిడుతుంది. నీళ్ళ విషయంలో ఇంత తెలివిగా ఉన్న జనం పెదవి విషయానికి వచ్చేసరికి మళ్ళీ రాహువు దగ్గరికి ఎందుకు పోతారన్నదే నా బాధ.

పాతవాళ్ళ మాటలన్నీ కొట్టిపారేస్తున్నానని అనుకోకండి. పసిబిడ్డ మాడు చూసి మా అవ్వ చెప్పే మాటలు డాక్టర్లు చెప్పేవాటికి దగ్గరగా ఉండేవి. మాడు లోపలికి గుంట పడితే ఒంట్లో నీళ్ళు తగ్గాయని, ఉబ్బి గట్టిగా ఉంటే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తమని. పుర్రె ఎముకలు పుట్టేనాటికి అతుక్కుని ఉండవు, కాన్పులో తల ఒదిగి బయటికి రావాలి, తర్వాత మెదడు పెరగడానికి చోటు ఉండాలి. వెనక ఉండే చిన్న మాడు రెండు మూడు నెలల్లో, ముందుది సుమారు ఏడాది నుంచి రెండేళ్ళ లోపు మూసుకుంటాయి. అవ్వలకి ఇది తెలుసు, ఎందుకంటే రోజూ ఆముదం పట్టించే చేతికి అది తగులుతుంది. కడుపులో ఏడో వారం ఏ చేతికీ తగలదు. చెయ్యి అందనిచోట నింద పెట్టుకున్నారు. (ఆ చేతులతోనే ముక్కు లాగి, తల నొక్కి గుండ్రంగా చేస్తామంటే మాత్రం ఒప్పుకోను.)

అయితే గ్రహణాన్ని వదిలేసిన చదువుకున్నవాళ్ళు ఏం చేస్తున్నారు? పాపని చూడటానికి వచ్చిన ఒక బంధువు, మంచి ఉద్యోగం చేసే మనిషి, చెల్లెల్ని అడిగిన మొదటి ప్రశ్న "ఫోలిక్ యాసిడ్ వేసుకోలేదా?" నాకు అత్తమ్మ మీద కన్నా ఆయన మీద ఎక్కువ కోపం వచ్చింది. ఇదీ గ్రహణమే, కాకపోతే కొంచెం ఇంగ్లీషు వచ్చిన గ్రహణం. ఫోలిక్ యాసిడ్ చాలా మంచిది. వెన్నుపాము, మెదడు గొట్టం సరిగా మూసుకోని లోపాల్ని అది బాగా తగ్గిస్తుందని 1991లో ఒక పెద్ద పరిశోధన గట్టిగా తేల్చింది. పెదవి విషయంలో రుజువు అంత గట్టిగా లేదు, కొంత ఉపయోగం ఉండొచ్చు అనేదాకానే. చీలికకి కారణాలు చాలా కలిసి వస్తాయి. ఐఆర్‌ఎఫ్6 లాంటి జన్యువుల్లో తేడాలు, కుటుంబంలో ముందు ఎవరికైనా ఉండటం, పొగ, అదుపులో లేని షుగర్, వాల్‌ప్రొయేట్, టోపిరమేట్ లాంటి కొన్ని ఫిట్స్ మందులు. ఎక్కువమందిలో ఫలానా తల్లి ఫలానా రోజు చేసిన ఫలానా పని అని వేలు పెట్టి చూపించేది ఏమీ ఉండదు.

మాత్రల సంగతిలో అసలు తప్పు వేళది. ఊళ్ళో గర్భిణి పేరు పన్నెండు వారాల లోపు నమోదైతే త్వరగా నమోదైనట్టే లెక్క, ఆశా కార్యకర్తలు నిజంగా కష్టపడి ఆ పని చేస్తున్నారు. కానీ డాక్టర్ల లెక్కలో పన్నెండు అంటే నేను చెప్పిన లెక్కలో పది. అప్పటికి గొట్టం మూసుకుని ఆరు వారాలు, పెదవి కలిసి మూడు వారాలు దాటి ఉంటాయి. ఆ రోజున చేతిలో పెట్టే ఫోలిక్ మాత్ర దేనికోసం పుట్టిందో ఆ పనికి ఆలస్యంగా వచ్చినట్టే. బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే, నెల తప్పకముందే, రోజుకి 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. పెళ్ళిలో ఇన్ని సారెలు పెడతాం, ఇన్ని నోములు నోయిస్తాం, కొత్త పెళ్ళికూతురికి ఈ చిన్న మాత్ర సంగతి చెప్పడానికి మాత్రం సిగ్గు. అయిదో నెలలోనో ఏడో నెలలోనో సీమంతం చేసి గాజులు తొడిగేటప్పుడు చెప్పే జాగ్రత్తల్లో మొహానికి పనికొచ్చేది ఒక్కటీ ఉండదు. అన్నిటికీ వేళ దాటిపోయింది.

పాప సంగతి చెప్పాలి. అంగిలి చీలిన బిడ్డకి నోట్లో గాలి పట్టి లాగే బలం రాదు, రొమ్ము పట్టలేదు. ఇక్కడ అత్తమ్మని మెచ్చుకోవాలి, అటక మీద నుంచి పాత ఉగ్గుగిన్నె దింపించి, మరిగించి కడిగి, పిండిన తల్లిపాలు చుక్క చుక్కగా, బిడ్డని నిటారుగా పట్టుకుని ఆమే పట్టించింది. డాక్టరమ్మ చెప్పిన పద్ధతికి ఆమె చేతి పద్ధతికి పెద్ద తేడా లేదు. పెదవి ఆపరేషన్‌కి డాక్టర్లు వాడే పాత లెక్క పది పదుల లెక్క, బిడ్డకి పది వారాలు నిండాలి, పది పౌన్లు అంటే సుమారు నాలుగున్నర కిలోల బరువుండాలి, హిమోగ్లోబిన్ పది ఉండాలి. అంగిలి ఆపరేషన్ సాధారణంగా తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, మాటలు స్థిరపడే లోపల. మా పాపకి రెండూ అయ్యాయి. స్పీచ్ థెరపీ నడుస్తోంది, చెవుల్లో నీరు చేరకుండా చూపిస్తూ ఉండాలి, ఇది అంగిలి చీలిన పిల్లలకి మామూలే. డబ్బు లేదని ఆపరేషన్ వాయిదా వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ చీలికలు ఉన్నాయి, అంగన్‌వాడీలో అడగండి. స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలతో కలిసి పనిచేసే ఆస్పత్రుల్లో పూర్తిగా ఉచితం.

చెల్లెలు ఇప్పుడు రెండో బిడ్డ గురించి ఆలోచిస్తోంది, టెన్షన్ పడుతోంది. మొదటి బిడ్డకి చీలిక ఉంటే తర్వాతి బిడ్డకి వచ్చే అవకాశం సుమారు నూటికి మూడు నుంచి అయిదు. తక్కువే గానీ ఊరందరి మీద చూస్తే ఎక్కువ. అందుకే గర్భం రాకముందే డాక్టరమ్మ దగ్గరికి భార్యాభర్తలిద్దర్నీ తీసుకెళ్ళాను. చెల్లెలికి మాత్ర రాసింది, షుగర్, థైరాయిడ్ టెస్టులు రాసింది. వాళ్ళాయన్ని చూసి, సిగరెట్ ఇవ్వాళే మానెయ్యాలి, ఇంట్లో పొగ వాసన కూడా ఉండకూడదు అంది. ఆయన తలకాయ ఊపాడు. "మగాడికి కూడా ఇట్టాంటి పట్టింపులుంటాయా నాయనా?" అని అత్తమ్మ నన్ను అడిగింది. ఉంటాయి అత్తమ్మా అన్నాను.